వేపపుల్ల సేద్యం

మాణిక్యం పళ్లు తోముకోవడానికి గట్టెక్కాడంటే ఊరికి తెల్లవారినట్టే. మొయినాబాదు దాటి చేవెళ్లకు పోయే తోవలో, రోడ్డుకు ఆనుకునే ఆయన పొలం. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని గట్టు మీద నిలబడితే, ఎండ చురుక్కుమనేదాకా ఆ పుల్ల బయటికి రాదు. ఒక చెంపన నములుతూ, కళ్లు చిన్నవి చేసుకుని, పడమటి దిక్కు చూస్తూ ఉండిపోతాడు. రోడ్డున పోయేవాళ్లు ఆయన్ని చూసి గొంతు తగ్గించుకునేవాళ్లు.

"అన్న ఆలోచన చేస్తుండు," అనేవాడు పక్క పొలం యాదయ్య, ఎంతో గౌరవంగా.

అన్న ఆలోచనా చేయడం లేదు, పాడూ చేయడం లేదు. కాపీ కొడుతున్నాడు.

పడమటి దిక్కున గట్టు అవతలే కరుణమ్మ మడులు. కరుణమ్మ చర్చి గేరి మనిషి, ఆ క్రైస్తవుల వాడలోనే ఆమె ఇల్లు. మొగుడు పోయాక ఆ కాస్త భూమినీ ఒంటి చేత్తో లాక్కొస్తోంది. నాలుగేళ్ల కిందట మాణిక్యం జొన్న మొక్కలోనే మాడిపోయిన ఏడు, ఆమె జొన్న మాత్రం మనిషెత్తు పెరిగి కంకులు ఊపుకుంటూ నిలబడింది. ఆ ఏడే మాణిక్యం పళ్లు తోముకునే చోటు దొడ్లోంచి గట్టు మీదికి మారింది. ఆమె ఎరువు చల్లితే సాయంత్రానికి తనూ చల్లేవాడు. ఆమె కలుపు తీయిస్తే తనూ కూలీల కోసం కబురు పెట్టేవాడు. ఆమె మందు కొట్టి ఖాళీ డబ్బాను కంచె కర్రకు బోర్లిస్తే, ఆ డబ్బా రంగూ బొమ్మా గుర్తుపెట్టుకుని, చేవెళ్ల దుకాణంలో అచ్చంగా అలాంటిదే అడిగి తెచ్చేవాడు.

పోయి అడగొచ్చు కదా అంటారు. ఎట్లా అడుగుతాడు? ఊళ్లో పెద్ద రైతు. బ్లాకు ఆఫీసువాళ్లు ఉత్తమ రైతు అని శాలువా కప్పి, ఇత్తడి మందు పంపు బహుమానం ఇచ్చిన మనిషి. ఆ పంపు వసారాలో దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. భార్య రుక్మిణమ్మ శుక్రవారం శుక్రవారం దానికీ ఇంత బొట్టు పెడుతుంది. అంతటి పంపు గలవాడు చర్చి గేరికి పోయి, ఒక ఆడమనిషి అరుగు ముందు నిలబడి, "అమ్మా, నా వరికి ఏం చేయాలె?" అని అడిగితే ఇంకేమైనా ఉందా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. పల్లకీ దిగడానికి మాణిక్యానికి ప్రాణం ఒప్పలేదు.

"అంతసేపు తోముతె పండ్లు అరుగుతయ్," అనేది రుక్మిణమ్మ. ఆమెకు మొగుడి గుట్టు మొదటి వారమే తెలిసిపోయింది.

అలాగని ఊళ్లో సలహాలకు కరువేమీ లేదు. పంచాయితీ రేడియో రోజూ సాయంత్రం రైతులకు బోలెడన్ని సంగతులు చెప్పేది. కానీ రేడియోలో పొలం ఎప్పుడూ కాలువ కిందే ఉంటుంది. ఈ ఊళ్లో ఉన్నవన్నీ బావులు. "కాలువ నీరు వదిలిన వెంటనే" అని రేడియో అనగానే వినేవాళ్లు తువ్వాలలు దులుపుకుని లేచేవాళ్లు. చేవెళ్ల దుకాణం సేటును అడిగితే, ఏ పురుగుకైనా ఆయన దగ్గర ఆ పూట మిగిలి ఉన్న మందే అసలైన మందు.

ఇక గ్రామసేవక్ రామచంద్రయ్య. ఊరూరా సైకిల్ మీద తిరిగి రైతులకు సేద్యం సంగతులు చెప్పడమే ఆయనకు సర్కారు ఇచ్చిన కొలువు. సన్నగా, నవ్వు మొహంతో ఉండేవాడు. ఆయన వచ్చి ఏది చెప్పినా మాణిక్యం అడ్డం తిరిగేవాడు.

"నువ్వు బుక్కులల్ల చదివినవ్ సారూ, నేను బురదల చదివిన. నాకు చెప్పకు."

రామచంద్రయ్య కోపం తెచ్చుకునేవాడు కాదు. చెంబెడు నీళ్లు తాగి, సైకిలెక్కి, చర్చి గేరి వైపు పోయేవాడు. అక్కడ చాయ దొరుకుతుంది కాబట్టి పోతున్నాడని మాణిక్యం అనుకునేవాడు.

ఇట్లా సాగుతుండగా అరవైతొమ్మిది వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కావాలని పట్నంలో పిల్లలు బడులొదిలి రోడ్డెక్కారు. బస్సులు ఒకరోజు వస్తే నాలుగు రోజులు రాలేదు. ఎండాకాలం పోయేసరికి ఉద్యోగులూ సమ్మెలో దిగారు. చేవెళ్లలో బ్లాకు ఆఫీసుకు తాళం పడింది. పంచాయితీ రేడియోలో సెల్లులు అయిపోతే పట్నం నుంచి తెచ్చేవాడు లేడు. దుకాణం సేటు తలుపు సగమే తెరిచి, జై తెలంగాణ అన్నవాళ్లకూ అననివాళ్లకూ ఒకేలా దండం పెడుతూ కూర్చున్నాడు. రామచంద్రయ్య సైకిల్ బెల్లు వినబడి ఎన్నాళ్లయిందో.

"పీడ పోయింది," అన్నాడు మాణిక్యం.

ఆ ఏడు ఆయన బావి కింద భూమంతటా కొత్త పొట్టి వరి వేశాడు. ఎందుకంటే కరుణమ్మ వేసింది. ఊరంతా అదే వేసింది, ఎందుకంటే మాణిక్యం వేశాడు. నాట్లయి పొలం పచ్చబడి, చూసే కంటికి నిండుగా ఉన్న రోజుల్లో, ఒక పొద్దున మాణిక్యం మడిలోకి దిగి పిలకను పట్టుకుంటే నడిమి మొవ్వు అలవోకగా చేతికొచ్చింది. కింది కొస కుళ్లి, పురుగు కొరికి ఉంది. పక్క దుబ్బు చూశాడు. అదీ అంతే. మొగి పురుగు పడింది.

ఆ పొలం పోతే ఏడాదికి ఇంట్లో గింజ ఉండదు. అయినా ఆయన చేసిన మొదటి పని వేపపుల్ల విరుచుకుని గట్టెక్కడం. పడమట కరుణమ్మ బర్రెకు గడ్డి కోస్తోంది. మందు కొట్టడం లేదు. మర్నాడూ గడ్డే కోసింది. ఆ మర్నాడూ అంతే. కోస్తూ కోస్తూ మధ్యలో నడుము నిలిపి ఇటువైపు చూసేది. మాణిక్యం చప్పున మొహం తిప్పుకునేవాడు.

మందు కొట్టడం లేదంటే కారణం ఉంటుంది. ఆమెకు తెలియకుండా ఉంటుందా? మాణిక్యం పుల్ల మీద పుల్ల నమిలి కారణం కోసం వెతికాడు. దొరకలేదు.

ఊరు మాణిక్యాన్ని అడగడం మొదలుపెట్టింది.

"అన్న, మొవ్వులు ఎండుతున్నయ్. మందు కొడ్తలేవేంది?" అన్నాడు యాదయ్య.

"ఆగు. గాలి మళ్లాలె."

గాలి మళ్లింది. యాదయ్య మళ్లీ వచ్చాడు.

"పురుగు ముదరాలె. లేతది కొడ్తె తట్టుకుంటది. ముదిరినంక కొడ్తె ఒక్కటి మిగలది," అన్నాడు మాణిక్యం. ఈ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆయనకే తెలియదు. కానీ చాలా బాగా వచ్చింది. సాయంత్రానికి ఊరంతా పాకింది, రెండు రోజుల్లో పక్కనున్న మోకిల ఊరి దాకా పోయింది. పురుగు ముదరాలని రైతులు చేతులు కట్టుకుని గట్ల మీద కూర్చున్నారు. పురుగు కూడా మాట కాదనకుండా శుభ్రంగా ముదురుతూ వచ్చింది.

రుక్మిణమ్మ ఆ రోజు అన్నం పెట్టి, పక్కనే కూర్చుని, పిడికెడు ఎండు మొవ్వులు కంచం ముందు పోసింది.

"ఇగో, వచ్చే ఏడు కూడ ఇదే పెడ్త. కూరేం వండమంటవ్?"

"నన్నేం జెయ్యమంటవ్?"

"పొయ్యి అడుగు. ఆమె పులి కాదు."

"ఊరంత ఏమనుకుంటది?"

"ఊరంత తింటానికి లేక ఏడ్సేటప్పుడు నిన్ను ఏమనుకుంటదో గది గూడ ఆలోచన జెయ్యి."

మాణిక్యం ముద్ద వదిలేసి చేయి కడుక్కుని, లేగదూడ తప్పిపోయిందని ఊరికి వినబడేలా చెప్పుకుంటూ చర్చి గేరికి నడిచాడు. దూడ కొట్టంలో కట్టేసి ఉంది, ఎవరూ పోయి చూడకపోతే చాలు.

కరుణమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పటేలు తన వాకిట్లో నిలబడడం చూసి లేచి, చేటను పక్కకు పెట్టింది.

"దూడ ఇటు రాలే పటేలా."

"రాలేదా? సరె," అని మాణిక్యం వెళ్లలేదు. కాసేపు పైకప్పు చూశాడు. కాసేపు కోడిని చూశాడు. చివరికి గొంతులో ముల్లు కక్కినట్టు అన్నాడు. "నువ్వు మందెందుకు కొడ్తలేవు?"

కరుణమ్మ ఆశ్చర్యపోయింది. "నువ్వు కొడ్తలేవని."

"నేనా?"

"పంపు నీ ఇంట్లనే ఉండె, మందు డబ్బ ఉండె. అన్ని ఉన్నోనివి నువ్వే కొట్టకుంట దినాం పండ్లు తోముకుంట నిలబడ్తివి. ఏదో పెద్ద సంగతి తెల్సి ఆగిండు అనుకున్న. నేను గడ్డి కోసుడు నిన్ను జూసెటందుకే. నా బర్రె గంత గడ్డి తింటదా?"

మాణిక్యం అరుగు మీద కూలబడ్డాడు. ఎవరైనా చూస్తారన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"మరి ఇన్నేండ్ల సంది నాకంటె ముందుగాల ఎట్ల కొట్టినవ్?"

"సేవక్ సారు చెప్పేటోడు గద. 'మాణిక్యం పటేల్ రేపు మందు కొడ్తడంట, ఆఫీసు పంపు తెచ్చిన, నువ్వు ఎనకబడకు కరుణమ్మా' అని. పటేలు కంటె ముందు కొట్టాలెనని కోడి కూయంగనె లేసేదాన్ని. ఈ పొట్టి వడ్లు గూడ నువ్వు పెడ్తున్నవని చెప్తెనే పెడ్తి."

"నువ్వు పెట్టినవని నేను పెట్టిన!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోడి కూడా ఆగి చూసింది. మాణిక్యానికి ఒళ్లు మండింది. బురదలో చదివాననుకున్న చదువంతా సైకిల్ మీద వచ్చిన మనిషి కరుణమ్మ చేత చేయించి తనకు చూపించిందే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నాలుగేళ్లు ఎవరిని చూశాడో, ఆమె తనను చూస్తోంది. మధ్యలో చాయ తాగిపోయింది రామచంద్రయ్య.

ముందు నవ్వింది కరుణమ్మే. చేట మీద చింతగింజలు ఎగిరేలా నవ్వింది. మాణిక్యం నవ్వకూడదని గట్టిగా అనుకున్నాడు, కానీ ఆగలేదు.

"నవ్వుడు తర్వాత. వరి పోతున్నది. గా సారు యాడున్నడు?" అన్నాడు మాణిక్యం.

"చేవెళ్లల, సమ్మె టెంటుల."

బస్సు లేదు. బండి కట్టించాడు మాణిక్యం. కరుణమ్మ వెనక కూర్చుంది. రోడ్డున ఎవరు ఎదురొచ్చినా ఆమె ముందుగానే "దూడ దొరకలే" అని చెప్పేసేది. మాణిక్యానికి ఆమె మీద గౌరవం మొదటిసారి అప్పుడే కలిగింది.

తాళం వేసిన బ్లాకు ఆఫీసు ముందు బట్ట పందిరి. కింద ఉద్యోగులు చాప మీద బారుగా కూర్చున్నారు. ఆ రోజు నిరాహార దీక్ష వంతు రామచంద్రయ్యది. మెడలో బంతిపూల దండ, నుదుట కుంకుమ, పెళ్లికొడుకులా ఉన్నాడు. మాణిక్యాన్నీ కరుణమ్మనూ ఒకే బండి దిగుతుండగా చూసి ఆయన మొహంలో రంగు మారింది. తన గుట్టు రట్టయిందని అర్థమైపోయింది.

"సారూ, దేవుని నమ్ముకున్నదాన్ని నేను. నాకు గన్ని అబద్ధాలు చెప్తవా?" అంది కరుణమ్మ.

రామచంద్రయ్య దండ సర్దుకున్నాడు. "మరేం జెయ్యాలె కరుణమ్మా? నేను చెప్తె నువ్వు విన్నవా? పటేలు విన్నడా? నా మాట మీద మీ ఇద్దరికి నమ్మకం లేకుండె. కని ఒకరి మీద ఒకరికి కుళ్లు మాత్రం దండిగుండె. గా కుళ్లుకు జర నీళ్లు పెట్టిన. పంట పండింది."

మాణిక్యానికి అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. దారి పొడుగునా కూడబెట్టుకుంటూ వచ్చాడు. కానీ నడుముకు చెక్కుకొచ్చిన ఎండు మొవ్వులు తీసి చాప మీద పెట్టాక, తిట్లన్నీ ఎటో పోయాయి.

"ఊరంత పోతున్నది సారూ. నన్ను జూసి అందరు ఆగిండ్రు. ఏం జెయ్యాల్నో చెప్పు."

జీవితంలో మొదటిసారి మాణిక్యం సలహా అడిగాడు. రామచంద్రయ్య ఒక మొవ్వు తీసి, చీల్చి, లోపల పురుగును చూశాడు. నోరు తెరిచాడు.

పక్కన కూర్చున్న సమ్మె నాయకుడు, ఆఫీసు క్లర్కు వెంకటయ్య, గట్టిగా దగ్గాడు. "రామచంద్రయ్యా, సమ్మె అంటె సమ్మె. రైతుకు సలహా ఇచ్చుడు గూడ డ్యూటీయే. ఒక్కరు డ్యూటీ జేస్తె అందరి సమ్మె పోతది."

"అవును," అన్నాడు రామచంద్రయ్య, నోరు మూసుకుంటూ. "తెలంగాణ కోసం కూసున్న పటేలా. సలహా ఇయ్యను."

రామచంద్రయ్య ఇవ్వాలని వచ్చినన్ని రోజులూ మాణిక్యం వద్దన్నాడు. తను కావాలని వచ్చిన ఒక్కరోజు ఆయన ఇవ్వనంటున్నాడు. తప్పు ఎవరిదో వేరే చెప్పాలా?

రామచంద్రయ్య వెంకటయ్య వైపు తిరిగి, ఊసుపోని వాడిలా మొదలుపెట్టాడు. "వెంకటయ్యా, ముచ్చట చెప్తె సమ్మెకేమన్న అడ్డమా?"

"ముచ్చటకేం అడ్డం?"

"మన మోకిల దిక్కు ప్రొద్దుటూరుల ఎంకయ్య అని ఒక రైతున్నడట. ఆయన వరిల గూడ ఇదే పురుగట. ఇయ్యాల పొద్దుగూకకముందే మడిల నీళ్లు తీసేస్తడట. ఎండిన మొవ్వులన్ని పీకి కాలబెడ్తడట. రేపు పొద్దుగాల గాలి లేవకముందె మందు కొడ్తడట. డబ్బ మీద రాసిన దానికంటె ఒక్క చుక్క ఎక్కువ పొయ్యడట. మూతికి తువ్వాల కట్టుకుంటడట. గాలికి ఎదురు నిలబడడట." కాస్త ఆగి, గాల్లోకి చూస్తూ కలిపాడు. "చుట్టుపక్కల ఎవ్వరు ఇంక కొట్టలేదంట. ఆయనే ముందట."

వెంకటయ్య తల ఊపాడు. "మంచి రైతే."

తిరుగు బండి ఎక్కారు. ఊరి మలుపు దగ్గర కరుణమ్మ అడిగింది.

"గా ఎంకయ్య నిజంగ ఉన్నడంటవా పటేలా?"

"ఉంటేంది, లేకుంటేంది? మనకంటె ముందు కొడ్తడట," అని మాణిక్యం ఎద్దులను అదిలించాడు.

మడుల్లో నీళ్లు తీసేసి, ఇంటికొచ్చి పంపు మేకు మీంచి దించాక కొత్త చిక్కు వచ్చిపడింది. పంపు ఒక్కటే. ముందు ఎవరి మడి? తన మడిలో ముందు కొడితే ఊరు చూస్తుంది, మాణిక్యం ముదిరిన పురుగును కనిపెట్టి కొట్టాడని చెప్పుకుంటుంది, పరువు పదింతలవుతుంది. ఆ రుచి ఆయనకు బాగా తెలుసు. పంపును తుడుస్తూ అలాగే కూర్చున్నాడు.

పంపు మీద తను పెట్టిన బొట్టు చెరిగిపోతుండడం రుక్మిణమ్మ చూసింది. నీళ్ల బిందె దింపుతూ అంది. "నాలుగేండ్ల సంది ఆమె ముందు, నువ్వు ఎనక. నడిచేదాన్ని నడవనియ్యి."

తెల్లారి రోడ్డున పోయేవాళ్లకు గట్టు మీద మాణిక్యం కనబడలేదు. వేపపుల్ల లేదు. వెతగ్గా వెతగ్గా పడమట, కరుణమ్మ మడి మధ్యలో, మూతికి తువ్వాల కట్టుకుని, వీపున ఇత్తడి పంపుతో కనబడ్డాడు. కరుణమ్మ గట్టు మీద నిలబడి, ఆ మూల వదిలేశావని అరుస్తోంది. ఆయన వెనక్కి పోయి ఆ మూల కొడుతున్నాడు. కాసేపటికి ఊరు ఊరంతా గట్టు మీద చేరింది.

మాణిక్యం మడిలోంచి బయటికొచ్చి తువ్వాల విప్పాడు. ఇప్పుడు చెప్పకపోతే ఎన్నడూ చెప్పలేనని ఆయనకు తెలుసు.

"ఇనుండ్రి. పురుగు ముదరాలె అన్నది ఉత్త ముచ్చట. నాకేం తెల్వది. నాలుగేండ్ల సంది నేను కరుణమ్మను జూసి సేద్యం చేస్తున్న. ఆమె చేసిందే చేసిన. పోయి అడిగెటందుకు సిగ్గయింది. నా సిగ్గుకు మీ వరి గూడ ఎండింది."

యాదయ్య చెప్పు కొసతో మట్టి గీశాడు.

"అది మాకు ఎరుకనే అన్న," అన్నాడు చివరికి.

"ఏంది ఎరుక?"

"నువ్వు పుల్ల పట్టుకొని దినాం పడమటి దిక్కే జూస్తవ్. మాకు కండ్లు లేవా? నువ్వు మందు కొట్టలేదంటె, ఆమె కొట్టలేదని తెల్సుకుంటుంటిమి. ఆమె మడి రోడ్డు మీదికి కనబడది. నువ్వు కనబడ్తవ్."

ఇన్నేళ్లూ గట్టు మీద నిలబడింది పెద్ద రైతు కాదట, కిటికీ అట. ఊరంతా ఆయనలోంచి కరుణమ్మను చూస్తోంది, పోయి ఆమెనే అడగడానికి మాత్రం ఎవరికీ కాళ్లు రాలేదు. గొర్రెదాటు అనుకుంటే దాంట్లో ముందున్న గొర్రె కూడా తను కాదు. ఆ సిగ్గు మొదట ముల్లులా గుచ్చుకుంది. తర్వాత వీపు మీది పంపు దించినట్టే తేలికైంది.

"అయితె ఇంక నన్ను జూసుడెందుకు? గామె ఈడనే ఉన్నది, గామెనే అడుగుండ్రి," అన్నాడు.

అడిగారు. ఒకరి తర్వాత ఒకరు, మొదట గొణుగుతూ, తర్వాత గట్టిగా. కరుణమ్మ కొంగు నడుముకు దోపుకుని, నీళ్లు ఎట్లా తీయాలో, మొవ్వులు ఎక్కడ కాల్చాలో, డబ్బా మీద ఏం రాసుందో చెప్పింది. ఎవరు చెప్పారమ్మా ఇదంతా అని యాదయ్య అడిగితే, ప్రొద్దుటూరు ఎంకయ్య అంది. ఆమెకు ఆ మాటకు దేవుడు ఏమీ అనడనిపించింది. పంపు ఆ రోజంతా మడి నుంచి మడికి తిరిగింది. కొన్ని దుబ్బులు పోయాయి. మాణిక్యం పొలంలో రోడ్డు వైపు మూల, అందరికీ కనబడే చోటే, బోడిగా మిగిలింది. అయినా పోయింది పోగా ఇంటింటికీ తిండిగింజ దక్కింది.

సమ్మె విరిగి, ఆఫీసు తాళం తీశాక, ఒక పొద్దున సైకిల్ బెల్లు మోగింది. రామచంద్రయ్య కొంచెం చిక్కాడు గానీ నవ్వు మాత్రం అలాగే ఉంది. మాణిక్యం గట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నాడు. ఆ పక్కనే కరుణమ్మ కూడా ఉంది.

"ఇగ సమ్మె లేదు పటేలా," అన్నాడు రామచంద్రయ్య సైకిల్ స్టాండు వేస్తూ. "ఇప్పుడు సలహా ఇయ్యొచ్చు. ఇంటవా?"

మాణిక్యం వేపపుల్ల నోట్లోంచి తీసి పక్కకు ఉమ్మాడు.

"నీ సలహా నాకెందుకు సారూ? ఆ ప్రొద్దుటూరు ఎంకయ్య ఏం చేస్తుండో చెప్పు."